గోదా ప్రక్కన శకుని

1985 మార్చి 31వ తేదీన న్యూయార్కు నగరమందలి మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, ఆండ్రీ ది జెయింట్ అను ఫ్రాన్సుదేశపు మహాకాయుడు బిగ్ జాన్ స్టడ్ అను మరియొక మహాకాయుని రెండు చేతులతో పైకెత్తి గోదా నడుమ పడవేసెను. స్టడ్‌ను ఎత్తి కూల్చగల మొనగాడెవడైనను కలడేని వానికి పదునైదువేల డాలర్లు ముట్టజెప్పెదమని స్టడ్ పక్షమువారు అంతకుముందు చాలకాలమునుండి సవాలు విసరుచుండిరి. కావున ఆండ్రీ ఆ సొమ్మున్న సంచిని చేతబుచ్చుకొని, నోట్లను గుప్పిళ్లతో తీసి జనముమీదికి చల్లజొచ్చెను. సభాభవనమంతయు ఆనందకోలాహలముతో మారుమ్రోగుచున్న ఆ క్షణమున, పసుపువన్నె జుట్టు గల ఒక మనుష్యుడు వెనుకనుండి దూరి, సంచిని లాగుకొని, వచ్చిన త్రోవనే పరుగులంకించుకొనెను. పందెమోడినది అతని మల్లుడు. పోయినది అతని సొమ్ము. అయినను జనుల హర్షమును నడుమనే తుంచి, "వీనిని పట్టి తన్నువాడు లేడా" అను ప్రశ్నను వేలమంది హృదయములలో నాటి పోయినవాడు అతడే. ఆ ప్రశ్నకు సమాధానము చూడగోరువాడు మరల టిక్కెట్టు కొనవలయును. దొంగిలించినట్లు కనబడిన ఆ మనుష్యుడు నిజమునకు తన యజమాని ఖజానా నింపుచుండెను.

అతడే బాబీ హీనన్. 1944 నవంబరు 1వ తేదీన షికాగో నగరమున పుట్టి, 2017 సెప్టెంబరు 17వ తేదీన, డెబ్బదిరెండేండ్ల వయస్సున, ఫ్లోరిడా రాష్ట్రమున కన్నుమూసిన ఈ మహానటుని అసలు పేరు రేమండ్ లూయీ హీనన్. "ది బ్రెయిన్" అని తన్ను తాను చెప్పుకొనెను. కోళ్లగూళ్లలో దూరి గ్రుడ్లు దోచుకొను "వీజిల్" అను సన్నని జంతువు పేరు పెట్టి జనులు పిలిచిరి. ఎత్తులోగాని బలములోగాని అతడు చెప్పుకొనదగినవాడు కాడు. దాదాపు మూడు దశాబ్దములు గోదా వెలుపల నిలిచి, లోపలనున్న మహాకాయులకు మాట యిచ్చి, పగ యిచ్చి, ప్రాణమిచ్చి, చివరకు వారి పరాజయమునంతటిని తన మీదికి తెచ్చుకొని తన్నులు తినుట అతని వృత్తి. ఇరువదవ శతాబ్దమున అమెరికా వినోదరంగము కన్న ఉత్తమ నటుల పట్టికలో ఇతని పేరు లేకుండుట ఆ పట్టికకే కొరత యని నేను నమ్ముచున్నాను.

అమెరికాలో "ప్రొఫెషనల్ రెజ్లింగ్" అని పిలువబడుచున్నది, కోడి రామమూర్తినాయుడుగారి బలప్రదర్శనల కథలు విని పెరిగిన మన పెద్దలెరిగిన మల్లవిద్య కాదు. మట్టిగోదాలో వస్తాదుల యెదుట జరుగు కుస్తీపట్టును కాదు. అచట గెలుపోటములు ముందుగానే నిశ్చయింపబడి యుండును. ఎవడు గెలుచునన్నది కాక, గెలుపుకొరకు జనుడు ఎంత తపించునన్నది అందలి కళ. ఈ రహస్యమును ఆ వృత్తివారు తరతరములుగా ప్రాణప్రదముగా కాపాడుకొనుచు వచ్చిరి. దానికి వారిలో "కేఫేబ్" అని పేరు. బయటి ప్రపంచమున బద్ధశత్రువులుగా చలామణియగు ఇరువురు ఒకే హోటలులో భోజనము చేయుటకైనను వెనుదీసెడివారు. 1989లో న్యూజెర్సీ శాసనసభ యెదుట, క్రీడలపై నుండు నిబంధనలను పన్నులను తప్పించుకొనదలచి, వరల్డ్ రెజ్లింగ్ ఫెడరేషన్ సంస్థయే ఇది వినోదప్రదర్శనమని బహిరంగముగా ఒప్పుకొనెను. అంతవరకు కోట్లమంది నమ్మియు నమ్మకయు, నమ్మినట్లు నటించియు ఆ గోదాల చుట్టు కూడుచుండిరి.

ఆ నాటకమున నాయకుని "బేబీఫేస్" అనియు, ప్రతినాయకుని "హీల్" అనియు వ్యవహరింతురు. హీల్ ప్రక్కన మేనేజరు అను పాత్ర ఎందుకు పుట్టినదో తెలిసికొనుట అవసరము. పూర్వము దేశమంతయు ప్రాంతములుగా పంచబడి, ఒక్కొక్క ప్రాంతమున ఒక్కొక్క నిర్వాహకుడు కుస్తీప్రదర్శనలను నడుపుచుండెను. స్థానిక టెలివిజన్‌లో వారమునకొకమారు వచ్చు కార్యక్రమము ప్రకటన మాత్రమే. సొమ్ము వచ్చునది ఆ తరువాత ఊరూర జరుగు ప్రదర్శనల టిక్కెట్లమీద. కావున, కెమెరా యెదుట రెండు మూడు నిమిషములు మాటాడి, రాబోవు శనివారమున జరుగు పోరును చూడక తప్పదని జనునకు తోపించువాడే ఆ వ్యాపారమునకు ఊపిరి. కండబలముగల వారందరికిని వాక్చాతుర్యముండదు కదా! పర్వతమువంటి దేహియై, కెమెరా యెదుట నోరు పెగలనివాని ప్రక్కన ఒక వాచాలుని నిలిపినచో, ఆ మౌనమే భయంకరముగా కనబడును. తూర్పుతీరమున గ్రాండ్ విజార్డ్, కెప్టెన్ లూ ఆల్బానో, ఫ్రెడ్డీ బ్లాసీ అను మువ్వురు మేనేజర్లు ఈ పనిచేసి విఖ్యాతులైరి. వారికి మాట వచ్చును. హీనన్‌కు మాటతోపాటు దెబ్బయు తెలియును. అదియే అతనిని తక్కినవారినుండి వేరుచేసిన గుణము.

అతని బాల్యము దారిద్ర్యమున గడచినది. తల్లియు అమ్మమ్మయు పెంచిరి. వారిని పోషింపవలసివచ్చి ఎనిమిదవ తరగతితోనే చదువు మానుకొనెను. షికాగో, ఇండియానాపోలిస్ నగరముల కుస్తీప్రదర్శనలలో తినుబండారములు, శీతలపానీయములు అమ్మెను. మల్లుల సంచులను, వారు గోదాలోనికి దిగునప్పుడు విడిచిన కోటులను మోసికొనిపోవు కుర్రవాడుగా చేరెను. పనివాడుగా ఆ వెనుకగదులలో తిరుగునప్పుడు, ముందు వరుస ప్రేక్షకునికి ఏది వినబడునో, చివరి వరుసవానికి ఏది కనబడునో తెలిసికొనియుండును. 1965లో, డిక్ ది బ్రూయిజర్, విల్బర్ స్నైడర్ అను మల్లులు ఇండియానాపోలిస్ కేంద్రముగా నడిపిన సంస్థలో, "ప్రెట్టీ బాయ్" అను పేరుతో మేనేజరుగాను, అవసరమైనప్పుడు మల్లుడుగాను రంగప్రవేశము చేసెను. జుట్టునకు పసుపురంగు వేయించుకొని, తళుకులు కుట్టిన కోటు తొడుగుకొని, తన సౌందర్యమునకు తానే మురియుచు వచ్చు ఆ యువకుని చూచినంతనే కర్మాగారములలో శ్రమించి వచ్చిన జనులకు ఒళ్లు మండెడిది. మండుటకే ఆ వేషము.

ఆ పసుపురంగు జుట్టునకు మరియొక ప్రయోజనము కలదు. ఆనాటి గోదాలలో నుదుట చిన్న గాటు పెట్టుకొని రక్తము కార్చుకొనుట ఆ వృత్తివారికి పరిపాటి. నల్లని జుట్టులో రక్తము తెలియదు. తెల్లబారిన పసుపు కేశములు క్షణములో ఎర్రబారి, భవనపు చిట్టచివరి వరుసలో కూర్చున్నవానికి సైతము కనబడును. హీనన్ ముఖము రక్తసిక్తమై, కాళ్లు తడబడుచు, చేతులు గాలిలో తేలుచు, ఎటు పోవుచున్నాడో తెలియనివానివలె గోదా చుట్టును తిరుగుచుండగా ప్రేక్షకుడు తన పగ తీరినదని తృప్తిపడెడివాడు. దెబ్బ తగులుట, పడుట — దానిని వారు "బంప్" అందురు — ఒక ప్రత్యేకవిద్య. హీనన్ పడునప్పుడు ఆ దెబ్బ కొట్టినవాని బలము రెండింతలుగా తోచెడిది. మేనేజరు ఇట్లు పడవలసిన అవసరము లేదు. నోటితో కాలము వెళ్లబుచ్చవచ్చును. మల్లులలో మేటియనదగినంత నేర్పుగా పడగలిగియు, తాను మల్లుడు కాడన్నట్లు పిరికితనమును నటించుటలో అతని ప్రజ్ఞయంతయు దాగియున్నది.

ఆ ద్వేషము ఒక్కొక్కప్పుడు నాటకపుటెల్లలు దాటెను. 1970లలో షికాగో నగరమందలి ఇంటర్నేషనల్ యాంఫిథియేటర్‌లో ఒక ప్రేక్షకుడు పిస్తోలు తీసి హీనన్ పైకి కాల్చగా, గుండు అతనికి తగులక ప్రేక్షకులకు తగిలెను. ప్రతినాయకవేషధారులమీదికి కుర్చీలు విసరుట, కత్తులతో పొడుచుట ఆ కాలమున అపూర్వములు కావు. తన పాత్రను ఇంత గట్టిగా నమ్మించినందుకు నటుడు గర్వపడవలయునో భయపడవలయునో తేల్చి చెప్పుట కష్టము. మరుసటి ప్రదర్శనకు హీనన్ మరల అదే తళుకుకోటుతో అదే నడవలో నడచి వచ్చెను.

1974లో అతడు వెర్న్ గాన్యా మినియాపోలిస్ కేంద్రముగా నడుపుచున్న అమెరికన్ రెజ్లింగ్ అసోసియేషన్‌లో చేరి, నిక్ బాక్‌వింకిల్, రే స్టీవెన్స్ అను జంటకు మేనేజరయ్యెను. ఇచ్చట అతనికి ఒక చిత్రమైన సమస్య యెదురయ్యెను. బాక్‌వింకిల్ నోరులేనివాడు కాడు. విద్యావంతునివలె నిఘంటువులోని పెద్దపెద్ద పదములతో, కోపము లేకుండ, ఎదుటివానిని అధఃకరించుచు మాటాడుటలో అతనికతడే సాటి. మాటాడగల మల్లునికి మాటకారి మేనేజరేల? అనుభవజ్ఞులైన నిర్వాహకులకే ఈ సందేహము కలుగవచ్చును. దీనికి సమాధానము గోదాలో దొరకెను. బాక్‌వింకిల్ గంభీరుడై, విజేతకు తగిన హుందాతనము నిలుపుకొనుచుండగా, ఆ హుందాతనము వెనుకనున్న నీచత్వమునంతటిని హీనన్ మోసెను. 1975 నవంబరు 8వ తేదీన, ఏడేండ్లకు పైగా ప్రపంచవిజేతగా నున్న గాన్యాను ఓడించి బాక్‌వింకిల్ బెల్టు గెలిచెను. అప్పటినుండి వచ్చిన ప్రతి సవాలుదారునికి ఇరువురు శత్రువులు: ఒకడు బెల్టు గలవాడు, రెండవవాడు ఆ బెల్టు పోకుండ కాపుండువాడు.

పౌరాణికనాటకములు చూచిన తెలుగువారికి ఈ జంటను తెలియజెప్పుట సులభము. దుర్యోధనుని ప్రక్కన శకుని నిలుచును. గద యెత్తడు, రథమెక్కి గర్జింపడు. పాచికలు చేతిలో నుండును, కనుకొలకులలో నవ్వుండును. 1957నాటి మాయాబజార్ చిత్రములో సి.యస్.ఆర్. ఆంజనేయులుగారి శకునిని చూచినవారు, ఆ మెత్తని మాటలోని విషమును మరువలేరు. హీనన్ ఆ కోవకు చెందినవాడు. భేదమొక్కటే: శకునికి శిక్ష యుద్ధమున పదునెనిమిదవనాడు సహదేవుని చేతిలో ఒక్కమారే వచ్చినది, హీనన్‌కు వారమున నాలుగైదు ఊళ్లలో, నాలుగైదు రాత్రులు శిక్ష పడవలసియుండెను. పైగా ఊరూర అతనికి "వీజిల్ సూట్" పందెము తప్పలేదు. ఓడినవాడు ఆ జంతువు తోలువంటి బొంతచొక్కా తొడుగుకొనవలయును. హీనన్‌ను మూర్ఛిల్లజేసి, కాళ్లు చేతులు ఒక్కొక్కటిగా ఆ తొడుగులోనికి దూర్చి, తోక సహితముగా ముస్తాబుచేసి విడిచెదరు. అతడు మెలకువ వచ్చి, తన ఒంటిమీద నున్నదేమో ఎరుగక, చేతులను చూచుకొని, వెనుకకు తిరిగి తోకను చూచుకొని, తన తోకను తానే పట్టుకొనబోయి గిరగిర తిరిగి పడెడివాడు. పిల్లలు నేలమీద పొర్లి నవ్వెడివారు. రక్తమోడ్చిన ముఖముతో జనులను భయపెట్టినవాడే మరునాడు తోకతో నవ్వింపగలుగుట సామాన్యమైన నటనాశక్తి కాదు.

1983లో జపానుదేశమున జరిగిన పోరులో అతని మెడయెముక దెబ్బతినెను. దానికి తగిన శస్త్రచికిత్స చేయించుకొనక పెక్కేండ్లు ఆ నొప్పితోనే పడుచు లేచుచు గడపెను. ఆ తరువాత వచ్చిన వైభవమునంతటిని చూచునప్పుడు పాఠకులు ఈ మెడను మరువరాదు.

ఆ వైభవము 1984లో వచ్చినది. విన్స్ మెక్‌మహన్ తన తండ్రినుండి కొన్న న్యూయార్కు సంస్థయగు వరల్డ్ రెజ్లింగ్ ఫెడరేషన్‌ను దేశవ్యాప్తము చేయనెంచి, ప్రాంతపు సరిహద్దులను త్రోసిరాజని, అన్నిచోట్లనుండి మేటి ప్రదర్శకులను రప్పించుచుండెను. గాన్యా దగ్గరనున్న హల్క్ హోగన్‌ను తెచ్చి 1984 జనవరిలో విజేతను చేసెను. హోగన్ పోయిన దారినే పలువురు ఉన్నపళముగా వెళ్లిపోగా, హీనన్ తాను ఒప్పుకొన్న ప్రదర్శనలను ముగించి మరి పోయెనని చెప్పుదురు. జీవితమంతయు విశ్వాసఘాతకుని వేషము వేసినవాడు నిజజీవితమున యజమానికి మాట తప్పక పోవుట నాకు మిక్కిలి గౌరవము కలిగించిన విషయము.

హోగన్ కథానాయకుడైన ఆ ఆరేడేండ్లును హీనన్ ఒక్కడే అతనికి నిరంతరశత్రువు. స్టడ్ వచ్చి ఓడెను. 1986లో కింగ్ కాంగ్ బండీ ఉక్కుపంజరములో పోరి ఓడెను. హోగన్‌కు ప్రాణమిత్రుడైన పాల్ ఆర్న్‌డార్ఫ్ ద్రోహియై హీనన్ గుంపులో చేరి, పోరి, ఓడెను. హర్క్యులీజ్, హార్లీ రేస్, హాకు, రిక్ రూడ్ — ఈ గుంపునకు "హీనన్ ఫ్యామిలీ" అని పేరు. మల్లులు మారుచుండిరి, పగ మాత్రము మారలేదు. నాయకుడొక్కడే, ప్రతినాయకులు పదిమంది యైన కథలో ప్రతి నూతన శత్రువునకును పాత ద్వేషమును అరువిచ్చువాడు మేనేజరే. నిన్నటిదాక ఎవరెరుగని మల్లుడు నేడు హీనన్ ప్రక్కన నిలుచున్నంతనే, అయిదేండ్ల వైరమున కతడు వారసుడగును. హోగన్ కీర్తిని లెక్కకట్టువారు హీనన్‌కు అందు సగపాలు వేయకున్న లెక్క తప్పును.

ఈ వ్యవస్థకు శిఖరము 1987 మార్చి 29వ తేదీ. హీనన్ అనుచరులు 1984లో ఆండ్రీ జుట్టు కత్తిరించి అవమానించిరి. హీనన్ అతని బహుమానపు సంచిని కాజేసెను. అట్టి ఆండ్రీ 1987 తొలిదినములలో టెలివిజన్ తెరమీద హీనన్‌ను వెంటబెట్టుకొని వచ్చి నిలిచినప్పుడు, అతడు మాటాడకముందే జనులకు గుండె ఆగినంత పనియయ్యెను. ఆండ్రీ హోగన్ చొక్కాను చింపెను, మెడలోని శిలువను త్రెంచెను. ఈ ద్రోహమునకు కారణము చెప్పవలసినవాడు హీనన్. ఆండ్రీకి ఇంగ్లీషు తడబాటు, గొంతు లోతు, మాట అస్పష్టము. పైగా శరీరము ఎదుగుదల ఆగని వ్యాధిచేత నడుమును మోకాళ్లను క్షీణింపజేయుచుండగా, అప్పటికే వెన్నునకు శస్త్రచికిత్స జరిగి, దుస్తుల క్రింద పట్టీ బిగించుకొని నిలుచుచుండెను. ఆయన కదలలేని కదలికనంతటిని హీనన్ తన కాళ్లతో కదలెను. ఆయన పలుకలేని అసూయను తన నోటితో పలికెను.

మిషిగన్ రాష్ట్రమున పాంటియాక్ సిల్వర్‌డోమ్‌లో హోగన్, ఆండ్రీల పోరు జరిగెను. 93,173 మంది వచ్చిరని నిర్వాహకులు ప్రకటించిరి. ఆ సంఖ్యపై నేటికిని వాదోపవాదములు కలవుగాని, ఆనాటి ఛాయాచిత్రములలో కనుచూపుమేర తలలే. గోదావరకు నడచుట కష్టమగునంత దూరము కావున గోదా ఆకారమున చేసిన చిన్న బండిమీద వచ్చిరి. ఆ బండిమీద ఆండ్రీ కొండవలె నిశ్చలుడు. ప్రక్కన హీనన్ గెలిచివచ్చినట్లే మిడిసిపడుచుండెను. జనులు విసరిన చెత్త వారిమీద వర్షించెను. హోగన్ ఆండ్రీని ఎత్తి పడవేసి గెలిచిన తరువాత అదే బండిమీద వెనుదిరిగినప్పుడు ఆండ్రీ ముఖమున అవమానమున్నది. హీనన్ ముఖమున ఆస్తి కాలిపోయినవాని దిగ్భ్రాంతియున్నది. హోగన్ వీరత్వమును వేలమంది చూచిరి. ఆ వీరత్వము విలువ యెంతయో వారికి తెలిపినది మాత్రము ఓడినవారి ఆ ముఖములు.

మూడేండ్ల తరువాత, 1990 ఏప్రిల్ 1వ తేదీన టొరంటో నగరమున ఈ కథకు ముగింపు వ్రాసిరి. ఆండ్రీ, హాకు జంటవిజేతల బెల్టులు పోగొట్టుకొనగా, హీనన్ ఆ మహాకాయునిమీదికి వ్రేలు చూపి తిట్టి, ఆగక చెంపమీద కొట్టెను. ఆండ్రీ కొంతసేపు కదలలేదు. పిదప ఆ చేతిని పట్టుకొని, తిరిగి కొట్టి, హీనన్‌ను గోదానుండి తరిమెను. ఆ వృద్ధవీరునకు జనుల ప్రేమ తిరిగి లభించెను. అప్పటికి ఆండ్రీ ఆరోగ్యము పూర్తిగా చెడినది. 1993 జనవరిలో మరణించెను. జనుల చప్పట్ల నడుమ అతనిని వీడ్కొలుపుటకు చెంపదెబ్బ కొట్టువాడొకడు కావలసివచ్చెను, ఆ పనికి హీనన్ నిలిచెను.

ఇన్నేండ్లలో ఆ సంస్థలో అతని మనుష్యుడు గెలిచిన మొదటి బెల్టు 1989 ఏప్రిల్‌లో రిక్ రూడ్‌ది; అదియు అల్టిమేట్ వారియర్ కాలును హీనన్ క్రిందనుండి పట్టియుంచుటచే దక్కినది. అయిదేండ్లు నిరాఘాటముగా ఓడిన మేనేజరును జనులు అప్పటికిని ప్రమాదకారి యనియే నమ్ముచుండిరి.

మెడనొప్పి యధికమై, 1991 నాటికి మేనేజరుపని మాని, వ్యాఖ్యాతగా కూర్చుండెను. అప్పటికే గొరిల్లా మన్సూన్ అను మాజీ మల్లునితో కలిసి కార్యక్రమములు నడుపుచుండెను. మన్సూన్ అసలు పేరు రాబర్ట్ మరెల్లా; భారీకాయుడు, గంభీరస్వరుడు, నీతిమంతుడు. హీనన్ ప్రతి మోసమునకును ఒక న్యాయము కల్పించును, మన్సూన్ విసుగుకొనును, ఆ విసుగులోని ఆప్యాయత శ్రోతలకు తెలియుచుండును. మన తెలుగునాట ఉపగ్రహటెలివిజన్ ప్రవేశించిన 1990ల తొలినాళ్లలో, మల్లుల బొమ్మలుగల ట్రంప్ కార్డులు చేతబట్టుకొని ఎత్తు, బరువు, ఛాతి కొలతలతో పందెములు వేసికొన్న పిల్లలు ఇప్పుడు నడివయస్కులు. ఆ కార్డులమీది కొలతలలో దేనితోను హీనన్ ప్రతిభ కొలువబడదు, అది వినవలసినది.

వినదలచినవారు 1992 జనవరి 19వ తేదీన ఆల్బనీ నగరమున జరిగిన రాయల్ రంబుల్ పోటీ వినవలయును. ముప్పదిమంది ఒకరి తరువాత ఒకరుగా గోదాలోనికి దిగుదురు, త్రాళ్ల మీదుగా బయట పడినవాడు పోవును, మిగిలినవాడు ప్రపంచవిజేత. రిక్ ఫ్లెయిర్ అను మల్లుడు హీనన్ మనిషి. మూడవ స్థానమున ఫ్లెయిర్ పేరు వినబడగానే హీనన్‌కు నోట మాట రాలేదు, ఏలయన ముందు దిగినవాడు అందరికన్న హెచ్చుకాలము పోరవలయును. అది మొదలు ఒక గంటసేపు అతడు అనుభవించిన వేదన వినువారికి నాటకమని తోచదు. ప్రాధేయపడును, తిట్టును, గుండె పట్టుకొనును, లెక్కలు వేయును. రాడీ పైపర్ అనువాడు స్కాట్లండువారి గళ్ల వస్త్రము కట్టుకొని దిగెను. హీనన్ దానిని ఆడువారి లంగాయని వెక్కిరించుట అలవాటు. ఆ పైపర్ ఫ్లెయిర్‌కు ప్రాణాపాయమైన పట్టును అనుకోకుండ విడిపించినప్పుడు, హీనన్ కృతజ్ఞతతో పొంగిపోయి, అది లంగా కాదు, గౌరవనీయమైన కిల్టు అని ప్రకటించెను. మరుక్షణమే పైపర్ ఫ్లెయిర్‌మీద పడగా, అది తిరిగి లంగాయే యయ్యెను. సిద్ధాంతమన్నది లేక స్వార్థమే సర్వస్వమైన మనుష్యుని స్వభావమును రెండు వాక్యములలో ఇంత స్పష్టముగా చూపిన రచయితలు అరుదు. ఇతడు దానిని అప్పటికప్పుడు పలికెను. చివరకు ఫ్లెయిర్ గెలిచినప్పుడు అతని ఆనందము విని, ఫ్లెయిర్ ఓటమిని కోరుకొన్నవారు సైతము లోలోపల సంతసించిరి.

అతని వ్యాఖ్యానమున అన్నియు మెచ్చదగినవి కావు. మెక్సికో మూలములుగల టిటో శాంటానావంటివారి జాతిని, ఆహారమును ఎత్తిపొడుచు పరిహాసములు నేడు వినుటకు ఇంపుగా నుండవు. ప్రతినాయకుని నోట వచ్చినవని సమర్థింపవచ్చునుగాని, నవ్విన జనులందరును ప్రతినాయకులు కారు గదా! హీనన్‌ను ప్రేమించువారు ఈ మాట ఒప్పుకొనియే ప్రేమింపవలయును.

1993 డిసెంబరులో అతడు సంస్థను విడిచెను. వీడ్కోలు సైతము వేషములోనే జరిగెను: సోమవారపు కార్యక్రమమున మన్సూన్ అతనిని చొక్కా పట్టి యీడ్చి, భవనము వెలుపలికి గెంటి, పెట్టెబేడలను వెనుకనే విసరివేసెను. ఆ రాత్రి బసలో యిరువురును కౌగిలించుకొని యేడ్చిరట. మరుసటియేడు అట్లాంటాలోని వరల్డ్ చాంపియన్‌షిప్ రెజ్లింగ్‌లో చేరెను. వేతనము, పని తేలిక, మెడకు చికిత్స చేయించుటకు ఆరోగ్యబీమా — ఇవి కారణములు. ఆ యేండ్లు అతనికి ఆనందము నీయలేదు. 1996 జనవరిలో బ్రయన్ పిల్‌మన్ అను మల్లుడు చెప్పకుండ వెనుకనుండి కోటు పట్టి లాగగా, మెడకు భయపడి ప్రత్యక్షప్రసారమున బూతుమాట నోరుజారి లేచిపోయెను. ఆ జూలైలో, తానును ఆ సంస్థకే చేరియున్న హోగన్ ప్రతినాయకుడుగా మారిన ప్రసిద్ధరాత్రి, హోగన్ రక్షకుడై వచ్చుచుండగా, ఇతడెవరి పక్షమని హీనన్ ప్రశ్నించి రహస్యమును బయటపెట్టెనని పలువురు నిందించిరి. నేను ఆ నింద నంగీకరింపను. పండ్రెండేండ్లుగా హోగన్‌ను నమ్మవలదని చెప్పుచు వచ్చిన పాత్ర, ఆ రాత్రి మాత్రము నమ్మినచో అది పాత్రభంగమగును.

1999 అక్టోబరులో మన్సూన్ మరణించెను. ఆయన ఆ పోటీసంస్థలో ఎన్నడును పనిచేసినవాడు కాడు; అయినను హీనన్ తన కార్యక్రమమున ఆయనను స్మరించి సంతాపము పలికెను. ఆ కొలది నిమిషములు అతని మాటలో వేషము లేదు.

2002లో గొంతు క్యాన్సరని ప్రకటించెను. చికిత్సచేత శరీరము సగమయ్యెను, స్వరము గీరుకొనిపోయెను. 2004 మార్చిలో న్యూయార్కులో హాల్ ఆఫ్ ఫేమ్ సత్కారము జరిగినప్పుడు, ఇండియానాపోలిస్ దినములనుండి తోడుగానున్న బ్లాక్‌జాక్ లాంజా అతనిని పరిచయము చేసెను. ఆ చెడిన స్వరముతోనే నవ్వుమీద నవ్వు పుట్టించుచు ప్రసంగించి, ఒక్క మన్సూన్ ఇచట లేడను కొరత మాత్రము చెప్పి ముగించెను. 2007లో దవడకు జరిగిన పెద్ద శస్త్రచికిత్సతో మాట మరింత అస్పష్టమయ్యెను. అటుపిమ్మటగూడ అభిమానుల సమ్మేళనములకు వచ్చి, బల్లముందు కూర్చుండి, వరుసలో వచ్చినవారికి సంతకములు పెట్టుచు, అర్థమగుటకు చెవియొగ్గవలసిన ఆ మాటతోనే పరిహాసమాడుచుండెడివాడు. ఆ వరుసలలో నిలిచినవారిలో తలనెరసినవారు పెక్కురు. చిన్ననాడు ఇతనిని గొంతు చించుకొని తిట్టినవారే.